అంతస్తుల మీద అడవి

మిలాన్ నగరానికి వెళ్లే యాత్రికులు శతాబ్దాల నాటి ప్రధాన చర్చిని, లియొనార్డో డావించి గీసిన 'చివరి విందు' కుడ్యచిత్రాన్ని చూసిన తరువాత ఇప్పుడు మరో చోటికి కూడా దారి అడుగుతున్నారు. గారిబాల్డి రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పోర్టా నువోవా అనే కొత్త వ్యాపార ప్రాంతానికీ ఈసొలా అనే పాత కార్మికవాడకూ సరిహద్దులో నిలిచిన రెండు నివాస భవనాలే ఆ చోటు. ఇటాలియన్ భాషలో 'బోస్కో వెర్టికాలే', అంటే నిలువు అడవి, అనే పేరుతో 2014 అక్టోబరులో ప్రారంభమైన ఈ జంట టవర్లలో ఒకటి 112 మీటర్ల ఎత్తు, రెండోది 80 మీటర్ల ఎత్తు ఉంటాయి. అన్ని వైపులా ఎగుడుదిగుడుగా ముందుకు పొడుచుకు వచ్చిన వాటి బాల్కనీలలో దాదాపు 800 చెట్లు, 5,000 పొదలు, 15,000 చిన్న మొక్కలు, తీగలు, నేలను కప్పే పచ్చిక జాతులు పెరుగుతున్నాయి.

ఇవి మనుషులు కాపురముంటున్న ఇళ్లు గనుక లోపలికి వెళ్లేందుకు యాత్రికులకు అనుమతి ఉండదు. అయితే ఈ భవనాలను సరిగా చూడటానికి లోపలికి వెళ్లవలసిన అవసరం కూడా లేదు. టవర్ల పాదాల దగ్గర 2018లో ప్రజలకు తెరిచిన 'బిబ్లియోతెకా దెల్యీ ఆల్బెరి', అంటే వృక్షాల గ్రంథాలయం, అనే బహిరంగ ఉద్యానవనం ఉంది. అందులో వృత్తాకారపు చిన్న చిన్న తోపుల మధ్య వాలుగా సాగే కాలిబాటల మీద నడుస్తూ పోతే రెండు భవనాల ముఖాలూ ఒక్కొక్క కోణం నుంచి ఒక్కొక్క విధంగా కనిపిస్తాయి. కాస్త దూరంలో, ఎత్తయిన వేదిక మీద కట్టిన గాయె ఔలెంతీ కూడలి నుంచి చూస్తే చుట్టూ ఉన్న అద్దాల మేడల నడుమ ఈ రెండింటి గరుకుతనం స్పష్టంగా తెలుస్తుంది. దగ్గరికి వెళ్లి తలెత్తి చూసినవారికి మాత్రమే కనిపించే వివరాలు కొన్ని ఉన్నాయి: ఒక్కొక్క చెట్టు పైన రెండేసి, మూడేసి అంతస్తుల ఖాళీ వదిలిన తీరు, కొమ్మల మధ్య సన్నగా మెరిసే ఉక్కు తీగ, కాండం వంగిన చోట కట్టిన పట్టీ. ఈ అడవి దానంతట అది మొలిచింది కాదనీ, ప్రతి చెట్టునూ లెక్క వేసి నిలబెట్టారనీ ఆ వివరాలే చెబుతాయి.

ఏ ఋతువులో వెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం చూడదలచినదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ నాటిన వాటిలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే సతతహరిత వృక్షాలూ ఉన్నాయి, చలికాలానికి ముందు ఆకు రాల్చేవీ ఉన్నాయి. మధ్యధరా ప్రాంతపు ఎండకు అలవాటుపడిన హోమ్ ఓక్, ఆలివ్ మొదటి కోవకు, బీచ్, పర్షియన్ ఐరన్‌వుడ్ రెండో కోవకు చెందుతాయి. వసంతంలో లేత ఆకుపచ్చగా, వేసవిలో చిక్కగా కనిపించే గోడలు అక్టోబరు, నవంబరు నెలల్లో పసుపు, నారింజ, ఎరుపు రంగులకు మారతాయి. యాత్రికులకు ఎక్కువగా నచ్చే కాలం ఇదే. చలికాలంలో ఆకులు రాలాక బాల్కనీల కాంక్రీటు బయటపడి భవనం అసలు ఆకారం తెలుస్తుంది. కట్టడాన్ని అర్థం చేసుకోదలచినవారికి, అందం కొంత తగ్గినా, ఆ కాలమే మేలు. ఆకురాల్చే చెట్టుకు ఇంటి విషయంలో ఒక ఉపయోగం కూడా ఉంది: వేసవిలో ఆకులతో కిటికీకి నీడ ఇస్తుంది, ఎండ కావలసిన చలికాలంలో ఆకు రాల్చి దారి వదులుతుంది.

ఈ భవనాలను రూపొందించినది స్టెఫానో బోయెరి, జానాండ్రియా బర్రెకా, జొవాన్ని లా వర్రా అనే ముగ్గురు వాస్తుశిల్పులు కలిసి నడిపిన బోయెరి స్టూడియో. 2007లో దుబాయి వెళ్లినప్పుడు ఎడారి మధ్య లేస్తున్న అద్దాల టవర్లను చూసి, ఆ అద్దాలు వేడిని తిరిగి వీధుల్లోకే కొడుతున్నాయని గమనించి, గాజుకు బదులు ఆకులు తొడిగిన భవనం గురించి ఆలోచించడం మొదలుపెట్టినట్టు బోయెరి అనేక సందర్భాలలో చెప్పారు. మిలాన్‌కు ఆ ఆలోచన ప్రత్యేకంగా అవసరమైంది. ఉత్తరాన ఆల్ప్స్, దక్షిణాన ఆపెన్నైన్ పర్వతాలు అడ్డు నిలవడం వల్ల పో మైదానంలో గాలి కదలిక తక్కువ. వాహనాల పొగ, చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకునేందుకు మండించే ఇంధనపు పొగ బయటికి పోలేక అక్కడే నిలిచిపోతాయి. ఐరోపాలో గాలి నాణ్యత అధ్వానంగా ఉండే ప్రాంతాలలో ఈ మైదానం ఒకటి కావడానికి కారణం ఇదే.

అయితే ఇంటి మీద చెట్టు అనే ఊహ పూర్తిగా కొత్తదేమీ కాదు. టస్కనీ ప్రాంతంలోని లూకా పట్టణంలో 14వ శతాబ్దపు సంపన్న కుటుంబం కట్టించిన గ్వినీజీ గోపురం శిఖరాన హోమ్ ఓక్ చెట్ల గుబురు ఉంది. మెట్లెక్కి వెళ్లి ఆ చెట్ల నీడలో నిలబడి పట్టణాన్ని చూడవచ్చు. ఇక మిలాన్‌లోనే, 1973లో జరిగిన త్రియెన్నాలే కళా ప్రదర్శనలో ఆస్ట్రియా చిత్రకారుడు హుండర్ట్‌వాసర్ మన్జోనీ వీధిలోని ఒక భవనపు కిటికీల నుంచి చెట్లు బయటికి వచ్చేలా నాటించాడు. వాటిని ఆయన 'చెట్టు అద్దెదారులు' అన్నాడు. మనిషి డబ్బుతో అద్దె చెల్లిస్తే చెట్టు నీడతో, ప్రాణవాయువుతో, వీధికి ఇచ్చే అందంతో చెల్లిస్తుందన్నది ఆయన వాదం. 1980లలో వియన్నా నగరపాలక సంస్థ ఆయన ఊహ ప్రకారం కట్టించిన ప్రజా నివాస సముదాయంలో కూడా చెట్లకు గదుల్లోనే చోటు ఇచ్చారు. బోయెరి బృందం చేసిన కొత్త పని, కొద్దిపాటి చెట్లతో చిత్రకారుడు చెప్పిన మాటను వందల చెట్లకు, వంద మీటర్ల ఎత్తుకు, మార్కెట్లో అమ్ముడయ్యే ఫ్లాట్లకు పెంచడం. అంత ఎత్తులో ఆ ఊహ కళాకారుల చేతుల్లోంచి ఇంజనీర్ల చేతుల్లోకి వెళ్లింది.

ఇంజనీర్లకు ఎదురైన మొదటి సమస్య బరువు. తడిసిన మామూలు మట్టి ఒక ఘనపు మీటరు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల బరువు తూగుతుంది. దానికి ఎదిగే చెట్టు బరువు, గాలి వచ్చినప్పుడు ఆ చెట్టు బాల్కనీ అంచును లాగే బలం తోడవుతాయి. ఒక చివర మాత్రమే గోడకు కలిసి, రెండో చివర గాలిలో ఉండే శ్లాబును ఇంజనీర్లు కాంటిలీవర్ అంటారు. మూడు మీటర్లకు పైగా బయటికి చాచిన ఇలాంటి శ్లాబు అంచునే ఇంత భారం పెట్టాలి. అందుకని ఇక్కడి శ్లాబులను 28 సెంటీమీటర్ల మందంతో, కాంక్రీటు గట్టిపడ్డాక లోపలి ఉక్కు తీగలను బిగించి బలం పెంచే పద్ధతిలో నిర్మించారు. తొట్లలో వాడినది కూడా పొలంలోని మట్టి కాదు. అగ్నిపర్వతాల నుంచి వచ్చిన, సూక్ష్మరంధ్రాలతో తేలికగా ఉండే రాతిగుళ్లను సేంద్రియ పదార్థంతో కలిపి తయారు చేసిన మిశ్రమం అది. బరువు తక్కువ, నీరు పట్టుకునే గుణం ఎక్కువ, ఏళ్లు గడిచినా అణిగి గట్టిపడదు. చెట్లకు ఒక మీటరు పైచిలుకు లోతున్న తొట్లు, పొదలకు దానిలో సగం లోతున్నవి కేటాయించారు. తొట్టి లోపల నీరు చొరబడని పొర, దాని మీద వేళ్లు చీల్చుకుపోకుండా అడ్డుకునే పొర, ఆపైన మురుగునీరు జారిపోయే పొర వరుసగా ఉంటాయి. మిద్దె మీద తొట్లు పెట్టి, రెండేళ్లకు శ్లాబు చెమ్మగిల్లి, చివరికి మొక్కలను తీసేసిన కుటుంబాలు తెలుగు పట్టణాలలో ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాల ఇళ్లలో లోపించినది చాలావరకు ఈ మూడు పొరలే.

రెండో సమస్య గాలి, బరువుకంటే ఇది జటిలమైనది. గాలి వేగం రెండింతలైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగమూ పెరుగుతుంది. భవనం మూలల దగ్గర అది సుడి తిరుగుతుంది. నేల మీద చెట్టు తన వేళ్లను విశాలంగా చాచి, లోతుగా దించి నిలదొక్కుకుంటుంది. తొట్టిలోని చెట్టుకు ఆ వీలు లేదు. ఇరవయ్యో అంతస్తు నుంచి ఒక కొమ్మ విరిగి పడినా కింద నడిచేవారి ప్రాణాల మీదికి వస్తుంది గనుక ఇక్కడ పొరపాటుకు తావు లేదు. ఈ కారణంగా మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలోని గాలి సొరంగంలో, అంటే యంత్రాలతో గాలిని నియంత్రిత వేగంతో వీయించే పరీక్షాశాలలో, నూరో వంతు నమూనాను పరీక్షించారు. అది చాలదని, హరికేన్ల అధ్యయనం కోసం అమెరికాలోని ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయం నెలకొల్పిన భారీ పంకాల కేంద్రంలో నిజమైన చెట్లనే నిలబెట్టి గాలి దెబ్బకు గురిచేశారు.

ఆ పరీక్షల ఫలితంగా చెట్లను పట్టి ఉంచేందుకు ఒకదానికొకటి తోడుగా కొన్ని ఏర్పాట్లు చేశారు. వేళ్లు చుట్టుకున్న మట్టిగడ్డను బలమైన పట్టీలతో తొట్టి అడుగున ఉన్న ఉక్కు జాలీకి బిగించడం అన్ని చెట్లకూ వర్తించే ప్రాథమిక ఏర్పాటు. వేళ్లు పెరిగి ఆ జాలీని అల్లుకుంటే పట్టు ఇంకా గట్టిపడుతుంది. గాలి మరీ ఉధృతంగా తాకే చోట్ల మట్టిగడ్డ మొత్తాన్ని ఉక్కు పంజరంలో ఇమిడ్చారు. మధ్యరకం, పెద్ద చెట్లకు ఉక్కు తీగ కట్టి భవనానికి కలిపారు. కాండం విరిగినా చెట్టు కిందికి జారిపోకుండా ఆ తీగ పట్టుకుంటుంది. ఈ టవర్లు ప్రారంభమైన అదే నెలలో, 2014 అక్టోబరు 12న, విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నగరంలో వేలాది చెట్లను వేళ్లతో సహా పెకలించింది. నేలలో పాతుకున్న చెట్లకే ఆ గతి పట్టిన తీరంలో బాల్కనీ చెట్ల గురించి ఆలోచించేవారు ఎవరైనా మొదట చదవవలసినది ఈ గాలి పరీక్షల అధ్యాయమే.

చెట్ల ఎంపిక, పెంపకం బాధ్యతను లారా గాత్తి, ఎమనువేలా బోరియో అనే వృక్ష, వ్యవసాయ నిపుణులు వహించారు. ఏ ముఖానికి ఎంత ఎండ, ఏ అంతస్తులో ఎంత గాలి అన్న లెక్కలతో దాదాపు వంద జాతులను నిర్ణయించి, కోమో సమీపంలోని ఒక నర్సరీలో వాటిని ముందుగానే ప్రత్యేకమైన తొట్లలో పెంచారు. భవనం పైకి లేస్తున్న కాలంలోనే చెట్లు అక్కడ ఇరుకు తొట్టికి, తేలిక మట్టికి అలవాటుపడ్డాయి. ఆ తరువాత క్రేన్లతో ఒక్కొక్కదానినీ దాని స్థానానికి ఎత్తారు. నీటి కోసం ప్రధానంగా భూగర్భజలాన్ని వాడుతున్నారు. పాత కర్మాగారాలు మూతపడి నీరు తోడటం తగ్గడంతో మిలాన్ కింద నీటిమట్టం పెరుగుతూ వచ్చింది కాబట్టి ఆ నగరానికి ఇది భారం కాదు. డ్రిప్ గొట్టాల ద్వారా ప్రతి తొట్టికీ నీరు చేరుతుంది. తేమను కొలిచే పరికరాలు పంపే సమాచారాన్ని బట్టి ఎక్కడ ఎంత వదలాలన్నది కేంద్రం నుంచే నిర్ణయిస్తారు.

ఇంతవరకు చెప్పినదంతా నిర్మాణానికి సంబంధించిన విషయం. ఈ టవర్లు పదేళ్లు దాటినా పచ్చగా నిలిచి ఉండటానికి అసలు కారణం మాత్రం యాజమాన్యపు పత్రాలలో ఉంది. బాల్కనీ ఫ్లాటు యజమానిది. బాల్కనీలోని తొట్టి, అందులోని చెట్టు, పొద, తీగ అందరి ఉమ్మడి ఆస్తి. ఏ నివాసీ తన కిటికీకి అడ్డొచ్చిందని కొమ్మ నరకడానికి గానీ, నచ్చలేదని ఒక జాతిని తీసి మరొకటి నాటడానికి గానీ వీలు లేదు. నీరు పెట్టే బాధ్యత ఎవరి ఇంటిమీదా లేదు. మొత్తం పచ్చదనాన్ని ఒకే నిపుణుల బృందం చూసుకుంటుంది, ఖర్చును నివాసులందరూ నిర్వహణ రుసుములో భాగంగా భరిస్తారు. ఏడాదిలో కొన్నిసార్లు తోటమాలులు ఇళ్ల గుండా బాల్కనీల్లోకి వచ్చి పని చేస్తారు. మరికొన్ని రోజులు, పర్వతారోహణలో శిక్షణ పొందిన వృక్షనిపుణులు భవనం పైకప్పు నుంచి తాళ్లకు వేలాడుతూ అంతస్తు తరువాత అంతస్తుగా దిగుతారు. ఎండిన కొమ్మలు తీసి, కట్లు పరీక్షించి, పెరుగుదలను అదుపు చేస్తారు. 'ఎగిరే తోటమాలులు' అని పేరుపడ్డ ఈ పనివారు గోడ మీద కనిపించే రోజున అక్కడ ఉండటం యాత్రికులకు అదృష్టమే, ఎందుకంటే ఈ కట్టడం ఎలా బతుకుతోందో ఆ దృశ్యం చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు.

పురుగుల విషయంలో కూడా ఇలాంటి ఆలోచనే చేశారు. జనం నిద్రించే గదుల కిటికీల ముందు పురుగుమందులు చల్లకూడదు కనుక, మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే అక్షింతల పురుగులను తెచ్చి వదిలారు. వాటి వెంట ఇతర కీటకాలూ, వాటి కోసం పక్షులూ చేరాయి. దాదాపు ఇరవై జాతుల పక్షులు ఈ టవర్ల మీద కనిపించాయని రూపకర్తలు చెబుతున్నారు. నగరంలోని ఉద్యానవనాల మధ్య ఎగిరే పక్షికి, తేనెటీగకు ఈ భవనాలు మజిలీగా ఉపయోగపడతాయన్నది అతిశయోక్తి కాదు. ఆకులు తమ రంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదిలే ప్రక్రియను వృక్షశాస్త్రంలో బాష్పోత్సేకం అంటారు. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి కాబట్టి ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. చెట్టు కింద చల్లగా ఉండటానికి నీడతో పాటు ఇదీ కారణమే, బాల్కనీలో ఉన్న చెట్టుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ధూళి కొంత ఆకుల మీద నిలుస్తుంది, వీధి రొద కొంత తగ్గుతుంది.

మరోవైపు, ఈ చెట్లు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటున్నాయన్న వాదనను మాత్రం జాగ్రత్తగా తూచాలి. ఈ రెండు టవర్ల చెట్లు ఏడాదికి 20 నుంచి 30 టన్నుల వాయువును గ్రహిస్తాయన్న అంచనాలు ప్రచారంలో ఉన్నాయి. సగటు ఇటాలియన్ ఒక్కరి వల్ల ఏడాదికి ఐదు టన్నులకు పైగా ఆ వాయువు వెలువడుతుంది. అంటే మొత్తం అడవి తీర్చగలిగినది మహా అయితే ఐదారుగురి లెక్క. టవర్లలో ఉండేవారు వందల మంది. పైగా అంత మందపు శ్లాబులకు పట్టిన అదనపు సిమెంటు, ఉక్కు తయారైనప్పుడే గాలిలో కలిసిన వాయువు మొదటి రోజు నుంచీ అప్పుగా ఉంటుంది. చెట్ల వల్ల నిర్మాణ వ్యయం ఐదు శాతమే పెరిగిందని రూపకర్తలు చెప్పిన మాటలో నిర్వహణ ఖర్చు కలిసి లేదు. వాతావరణ మార్పుకు మందుగా ఈ భవనాన్ని చూపేవారు దానికి లేని గొప్పతనాన్ని అంటగడుతున్నారు. నీడ, చల్లదనం, పక్షులు, పైకి చూసే కళ్లకు పచ్చదనం అన్నవి చాలినంత గొప్ప విషయాలే.

ఈసొలా వాడ చరిత్రను ప్రస్తావించకుండా ఈ వర్ణనను ముగించడం న్యాయం కాదు. రైలు పట్టాల వల్ల నగరం నుంచి విడిపోయి, చేతిపనివారితో, చిన్న కార్ఖానాలతో, కార్మిక కుటుంబాలతో నిండిన ప్రాంతం అది. ఇప్పటి టవర్ల పరిసరాల్లోనే 'స్తేక్కా దెల్యీ ఆర్తిజాని' అనే పాత పారిశ్రామిక భవనంలో కళాకారులు, చేతివృత్తులవారు, స్థానిక సంఘాలు పనిచేసుకునేవారు. పక్కనే స్థానికులు వాడుకునే చిన్న తోటలుండేవి. నిరసనలు జరిగినా 2007లో ఆ భవనాన్ని కూల్చేశారు. తరువాత అదే పరిసరాల్లో సంఘాల కోసం ఒక కొత్త భవనాన్ని కట్టి ఇచ్చారు గానీ, పాత నివాసుల్లో అనేకులు భరించలేనంతగా ఆ వాడలో ధరలు పెరిగాయి. నిలువు అడవిలోని ఫ్లాట్లు మిలాన్‌లోని అత్యంత ఖరీదైన ఇళ్లలో చేరాయి. నేల మీది తోటలు పోయిన చోట ధనికుల బాల్కనీలకు చెట్లు వచ్చాయన్న విమర్శలో నిజం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 2014లో అంతర్జాతీయ ఎత్తైన భవనాల పురస్కారం వచ్చినా, మరుసటి ఏడాది ప్రపంచంలోని ఉత్తమ ఎత్తైన భవనంగా మరో సంస్థ ఎంపిక చేసినా ఆ నిజం మారదు.

ఆ విమర్శకు సమాధానంగా నిలిచినది నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ పట్టణంలో 2021లో పూర్తయిన ట్రూడో టవర్. అదే బోయెరి రూపొందించిన ఆ భవనంలో 125 ఫ్లాట్లున్నాయి. అన్నీ చిన్నవి, అన్నీ తక్కువ ఆదాయం గలవారికి, యువతకు పరిమిత అద్దెకు ఇచ్చేవి. ప్రతి ఫ్లాటు బాల్కనీలో ఒక చెట్టు, దాని చుట్టూ పొదలు ఉంటాయి. మిలాన్‌లో నేర్చిన పాఠాలతో ఖర్చును తగ్గించగలిగారు గనుకనే ఇది సాధ్యమైంది. నిలువు అడవుల చరిత్రలో మిలాన్ టవర్లకు దక్కిన కీర్తి ఐంధోవెన్‌కు దక్కలేదు. దక్కవలసిన గౌరవం మాత్రం దానికే ఎక్కువ.

చైనాలోని చెంగ్డూ నగరపు అనుభవం దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ ఎనిమిది టవర్లలో 826 ఫ్లాట్లతో, ప్రతి బాల్కనీలో తోటతో ఒక నివాస సముదాయం కట్టారు. ఫ్లాట్లు అమ్ముడయ్యాయి గానీ, కాపురానికి వచ్చిన కుటుంబాలు 2020 నాటికి పట్టుమని పది మాత్రమే. చూసేవారు లేక తీగలు బాల్కనీల పిట్టగోడలు దాటి కిందికి వేలాడాయి. తేమగా ఉండే ఆ ఊరి వాతావరణంలో దోమలు విపరీతంగా పెరిగాయి. మిలాన్ చెట్లకూ చెంగ్డూ చెట్లకూ మధ్య ఉన్న తేడా జాతుల్లో లేదు, తాళ్లకు వేలాడుతూ దిగే మనుషులు ఒకచోట ఉండటంలో, మరోచోట లేకపోవడంలో ఉంది.

ఇలాంటి భవనాలను గురించి చదివేటప్పుడు రెండు రకాలను వేరు చేసి చూడటం అవసరం. సిడ్నీలోని వన్ సెంట్రల్ పార్క్ టవర్ల గోడలను పచ్చదనంతో కప్పిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్ పద్ధతిలో మొక్కలు దళసరి మట్టిలో కాక, గోడకు బిగించిన గుడ్డవంటి పొర మీద, పోషకాలు కలిపిన నీటి ఆధారంతో పెరుగుతాయి. బరువు చాలా తక్కువ, కానీ నీటి పంపు కొన్ని రోజులు ఆగితే గోడ మొత్తం ఎండుతుంది. చెట్లను మోసే మిలాన్ పద్ధతి బరువైనది, ఖరీదైనది, దీర్ఘకాలం నిలిచేది. భవన నిర్మాణంలో పోయిన పచ్చదనాన్ని అంతస్తుల మీద తిరిగి తీసుకురావాలని 2009 నుంచి ప్రభుత్వ విధానం ద్వారా ప్రోత్సహిస్తున్న సింగపూర్‌లో రెండు పద్ధతుల నమూనాలూ కనిపిస్తాయి. ఏడాది పొడవునా వానలు పడే ఆ ద్వీపంలో మొక్కలకు ప్రకృతే సగం నీరు పోస్తుంది.

తెలుగు నేల మీద ఆ సౌకర్యం లేదు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో, పదో అంతస్తు వేడిగాలిలో చెట్టు నిలవాలంటే మిలాన్‌కంటే చాలా ఎక్కువ నీరు కావాలి. ట్యాంకర్లతో వేసవి గడిపే గేటెడ్ కాలనీలకు అది చిన్న ప్రశ్న కాదు. బోరునీటికి బదులు కాలనీలోనే శుద్ధి చేసిన వాడుక నీటిని డ్రిప్ ద్వారా ఇవ్వగలిగితేనే ఇక్కడ అలాంటి ఆలోచనకు అర్థం ఉంటుంది. జాతులు కూడా ఐరోపా నుంచి అరువు తెచ్చుకునేవి కాకూడదు. ఎండకూ, గాలికీ, లోతు తక్కువ మట్టికీ తట్టుకునే స్థానిక చెట్లను నర్సరీలలో ఏళ్ల తరబడి పరీక్షించి ఎంచుకోవాలి. ఇంటి పైకప్పు మీద కూరగాయలు, పండ్లు పండిస్తున్న మిద్దెతోట రైతుల దగ్గర మట్టి మిశ్రమం, చెమ్మ, వేళ్ల ఒత్తిడి గురించి పోగైన అనుభవం ఈ పనికి పనికివచ్చే దేశీయ జ్ఞానం. ఇంజనీర్లు వారి దగ్గరికి వెళ్లి నేర్చుకోవలసినది చాలా ఉంది.

బెంగళూరు మొదలుకొని దేశంలోని పెద్ద నగరాలలో పచ్చని బాల్కనీల చిత్రాలతో ఫ్లాట్ల ప్రకటనలు ఇప్పటికే వస్తున్నాయి. అటువంటి ప్రకటన చూసి అడ్వాన్సు చెల్లించబోయే పాఠకులు ఐదు విషయాలను ఒప్పందంలో రాతపూర్వకంగా చూపించమని అడగాలి: శ్లాబును తడిసిన మట్టి, ఎదిగిన చెట్టు బరువుకు లెక్కగట్టారా, చెట్లను గాలికి ఎలా కట్టి ఉంచుతారు, నీరు ఏ మూలం నుంచి వస్తుంది, చెట్లు ఎవరి ఆస్తి, వాటిని చూసే తోటమాలులకు ఇరవై ఏళ్ల పాటు జీతం ఎవరు ఇస్తారు. చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే ఆ ఫ్లాటు కొనకపోవడం మంచిది.